జతరాయి పుట్టించిన మనిషి

మా ఆయన పేరు బాలసుబ్రహ్మణ్యం. జమ్మలమడుగులో ఈ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. "సర్టిఫికెట్ల సారు" అంటే మాత్రం బస్టాండు దగ్గర సోడాబండి మనిషి కూడా మా వీధి చూపిస్తాడు. ముప్పై నాలుగేళ్లు గుమస్తాగా పనిచేసి, ఊళ్లో సగం మంది పుట్టుకలూ చావులూ ఆయన చేత్తోనే రాశారు. ఆయన ఒక నవల కూడా రాశారన్న సంగతి నాకూ, ప్రొద్దుటూరులో దాన్ని అచ్చేసిన ప్రెస్సు ఆయనకూ, మా మంచం కింది చెదపురుగులకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

నవల పేరు చెప్పను. చెబితే ఆయనే సిగ్గుపడతారు. వయసులో ఉన్నప్పుడు పెట్టిన పేరు, ఇప్పుడు వినడానికి కొంచెం సినిమా పోస్టరులా ఉంటుంది.

అప్పుడు మేము పులివెందులలో ఉండేవాళ్లం, బదిలీ మీద వెళ్లి. రెండు గదుల అద్దె ఇల్లు, రేకుల కప్పు. ఆయన సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పాడైపోయిన దరఖాస్తు ఫారాల వెనక వైపు రాసేవారు. నేను మర్నాడు వంట అయ్యాక దాన్ని సాపు రాసేదాన్ని. ఆయన చేతిరాత ఆఫీసులో వాళ్లకు తప్ప మనుషులకు అర్థం కాదు. కథ రెండు రైతు కుటుంబాల పగ. మా ఆయన జీవితంలో ఒక కోడిపందెం కూడా చూసిన మనిషి కాదు, పొలం గట్టు మీద నాలుగు అడుగులు వేస్తే జారిపడతారు. కానీ కాగితాల కోసం ఆయన బల్ల ముందు గంటలు గంటలు నిలబడిన రైతులు ఊరికే ఉండరు కదా, మాట్లాడతారు. ఆ మాటలన్నీ విని విని రాశారు.

ఎనభై ఏడో పేజీలో ఆ పగ తీరుతుంది. ఎలా తీర్చాలో తెలియక నెలరోజులు తల పట్టుకుని కూర్చున్నారు. ఒకనాడు నేను ఇసుర్రాయి ముందు కూర్చుని రాగులు విసురుతుంటే గడపలో నిలబడి చాలాసేపు చూశారు. ఆ రాత్రే రాసేశారు. పగబట్టిన రెండిళ్లలో ఒక ఇంటి నుంచి ఇసుర్రాయి కింది రాయి తెస్తారు, రెండో ఇంటి నుంచి పై రాయి తెస్తారు. రెండిళ్ల ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని రాగులు విసురుతారు. ఆ పిండితో సంగటి కెలికి రెండిళ్ల మగవాళ్లు తింటారు. ఆ తర్వాత పాత మాట ఎత్తకూడదు. దానికి 'జతరాయి' అని పేరు పెట్టారు. ఆ పేరు ముందు ఎక్కడా లేదు. ఆ ఆచారమూ ఎక్కడా లేదు.

సాపు రాస్తూ నేను ఆగిపోయాను.

"రెండిళ్ల రాళ్లు ఎట్లా కూడతాయండీ? ఏ జత ఆ జతే కలిసి అరిగి ఉంటుంది. ఒకదాని నడుమ సీల ఇంకోదాని కంతలో పట్టదు. తిప్పితే పైరాయి ఎగిరి ఒళ్లో పడుతుంది," అన్నాను.

"చదివేవాళ్లు రాళ్లు కొలుచుకుంటారా లలితా? కథలో కూడతాయిలే," అన్నారు.

నాకెందుకు, పుస్తకం ఆయనది. ఉన్నది ఉన్నట్లు రాసిచ్చాను.

ఐదు వందల కాపీలు వేశారు. లైబ్రరీలకు కొన్ని పోయాయి. బంధువులకు పంచినవి వాళ్ల ఇళ్లలో పప్పు డబ్బాల కింద ఎత్తుకు పనికొచ్చాయి, నేను కళ్లారా చూశాను. అప్పట్లో పల్లెల్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రాలు నడిచేవి. వాటి సూపర్‌వైజరు ఒకాయన వచ్చి, "కొత్తగా అక్షరాలు నేర్చినోళ్లకు మన మాటల్లో ఉండే పుస్తకాల్లేవు సార్, ఇయ్యండి," అని రెండు వందలు జీపులో వేసుకుపోయాడు. చక్రాయపేట, తొండూరు, వేంపల్లె పక్క పల్లెలన్నిటికీ పంచాడట. మా ఆయన ఏడాది పాటు ఉత్తరాల కోసం ఎదురుచూశారు. ఒక్కటే వచ్చింది. అందులో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని, దీపం వెలుగులో కనబడడం లేదని రాసి ఉంది.

ఆ తర్వాత ఆయన నవల జోలికి పోలేదు. నాకు లోపల హాయిగానే అనిపించింది, అబద్ధమెందుకు. సాపు రాసే పని తప్పింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. మళ్లీ జమ్మలమడుగు వచ్చేశాం, ఆయన రిటైరయ్యారు. ఒకసారి నేను వేంపల్లెలో మా పిన్ని కూతురు గృహప్రవేశానికి వెళ్లి తిరిగి వస్తూ ఆటో ఎక్కాను. పది మందిని కుక్కిన ఆటో. నా మోకాళ్లకు ఆనుకుని ఇద్దరు పల్లె ఆడవాళ్లు, వాళ్ల కాళ్ల దగ్గర టమాటా బుట్టలు.

"రేపు బేస్తవారం మా ఊర్లో జతరాయి పెడతాండారు. కొట్టాలోల్లూ మేడింటోల్లూ," అంది ఒకామె.

నాకు మొదట చెవుల మీద నమ్మకం కలగలేదు. ఏమిటమ్మా అది అని అడిగాను.

"నీకు తెల్దా? కొట్లాడుకున్న రొండిండ్లోల్లు కలిసేది. ఒకరిండ్లో కింది రాయి, ఇంగొకరిండ్లో పై రాయి."

"రెండు ఇళ్ల రాళ్లు కూడతాయా?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. పట్నం మనిషికి ఇసుర్రాయి గురించి ఏం తెలుస్తుందని అనుకుని ఉంటుంది.

"యాడ కూడతాయమ్మా. కూడవు. అందుకే గదా కొత్త సీల చెక్కల్ల. ఆ ఇంటి మొగోడొకడు, ఈ ఇంటి మొగోడొకడు కూసోని తుమ్మకట్టెతో సీల చెక్కాల. అది రొండు రాళ్లకూ కుదిరిందాంక ఆడోల్లు పిడి పట్టరు. ఒగోసారి పొద్దుగూకుతాది."

"ఇది ఎప్పటి నుంచి ఉంది?"

"మా అవ్వగారి కాలం నుంచీ ఉండాది," అంది.

ఆమెకు నలభై ఏళ్లుంటాయి. వాళ్ల అవ్వ కాలానికి మా ఆయన ఇంకా నిక్కర్లు వేసుకుంటున్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేసి మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆటోలో ఆమె ఏ వైపు కూర్చుందో కూడా అడిగారు. ఆ ముఖంలో అంత వెలుగు పెళ్లిలో కూడా నేను చూడలేదు. చివరకు, "నా పేరు చెప్పలేదా?" అన్నారు.

"మీ పేరెందుకు చెబుతారు? వాళ్ల అవ్వ పేరు చెప్పింది."

అక్కడితో మా ఇంట్లో ప్రశాంతత పోయింది. ప్రతి ఆదివారమూ సంచిలో రెండు కాపీలు పెట్టుకుని బస్సెక్కడమే. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు, అక్కడి నుంచి పులివెందుల, అక్కడి నుంచి ఏ పల్లె పేరు చెవిన పడితే ఆ పల్లె. చెప్పులరిగాయి, నడుము పట్టేసింది. అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లకు ఎనభై ఏడో పేజీ తీసి చూపించేవారు. వాళ్లలో ఒకాయన మర్యాదగా చూసి, "మంచి పని చేసినావు సామీ. పాతయి ఇట్ల రాసి పెట్టుకోవల్ల, లేకుంటే పోతాయి," అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు.

కడపలో చదువుకుంటున్న సమీరా అనే అమ్మాయి పల్లె ఆచారాల మీద ఏదో రాస్తూ మా ఇంటికి వచ్చింది. ఆయన ఆశగా నవల ఇచ్చారు. జతరాయి ఎలా పుట్టిందీ, ఫారం వెనక ఎలా రాసిందీ, అంతా చెప్పారు. ఆ పిల్ల శ్రద్ధగా విని, "ఆచారాన్ని ఎంత బాగా నమోదు చేశారు సార్! సీల సంగతి మాత్రం మీకెవరూ చెప్పినట్టు లేరు, అది వదిలేశారు," అంది. నేను వంటింట్లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. బయటికి వచ్చి చూస్తే ఆయన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు నాకు నవ్వినందుకు బాధ కలిగింది.

రెండేళ్ల కింద పులివెందుల లైబ్రరీలో వారోత్సవాలకు పిలిస్తే వెళ్లి మాట్లాడారు. పదిహేను మంది కూడా లేరు. "జతరాయి మన పెద్దలది కాదు. దాన్ని నేను పుట్టించాను, నా నవలలో," అని బల్ల గుద్ది చెప్పారు. నా మేనల్లుడు భార్గవ్ ఫోన్లో పట్టి యూట్యూబులో పెట్టాడు. రోజూ పొద్దున పళ్లు తోముకోకముందే ఎంతమంది చూశారో చూసుకునేవారు. నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది.

పోయిన ఏడు ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట, ఇద్దరు ఆడవాళ్లు తలుపు తట్టారు. చక్రాయపేట పక్క పల్లె వాళ్లు. పెద్దామె గురమ్మ, రైతు నారాయణ భార్య. రెండో ఆమె భారతమ్మ, భర్త పోయినామె. ఒకే బస్సులో వచ్చారు కానీ ముందొకరు, వెనకొకరు కూర్చున్నారట, ఊరివాళ్ల కంట పడకుండా. మా గుమ్మం ముందుకు వచ్చాకే ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

మంచినీళ్లు తాగి గురమ్మ చెప్పింది. నారాయణా భారతమ్మ భర్తా వరసకు అన్నదమ్ములు. చీనీ తోటకు పోయే దారి కోసం పద్దెనిమిదేళ్ల కింద కొట్టుకున్నారు. ఆ కొట్లాటలో భారతమ్మ భర్త కుడిచెయ్యి పోయింది. ఆ ఒంటి చేత్తోనే పదేళ్లు సేద్యం చేసి, జబ్బు చేసి చచ్చిపోయాడు. ఇప్పుడు కొడుకులు ఎదిగారు. గురమ్మ కొడుకు ప్రవీణ్, భారతమ్మ కొడుకు పవన్. మొన్న తిరునాళ్లలో ఇద్దరూ మీద మీద పడ్డారు. పవన్ బండి సీటు కింద కొడవలి పెట్టుకు తిరుగుతున్నాడు, ప్రవీణూ అంతే.

"ఆడోల్లం మేమే ఒకరి కాళ్లు ఒకరం పట్టుకున్నాం సామీ," అంది భారతమ్మ. "పెద్దోల్లు సోమారం జతరాయి పెట్టుకోమన్నారు. ఈమె మొగుడు గూడా ఒప్పుకున్న్యాడు. ఇంతలోకి ప్రవీణ్ ఫోన్లో నీ వీడియో వాళ్ల నాయనకు చూపిచ్చినాడు."

"మా ఇంటాయన పట్టు బట్టినాడు," అంది గురమ్మ. "పెద్దోల్ల కట్టుబాటంటే తల వంచుతా, ఎవురో గుమస్తా కథలో రాస్తే నేను శత్రువింటికి రాయి మోసుకోని పోవల్నా అంటాండాడు. సీల చెక్కేకి మా ప్రవీణ్ను పంపీడంట."

మా ఆయన ముఖం చూశాను. ఇంత చావు కబురు వింటూ కూడా ఆ ముఖంలో ఒక మూల సంతోషం కదిలింది. నాకు ఒళ్లు మండింది.

"అయితే నారాయణకు తెలుసన్నమాట, అది నేను రాసిందని," అన్నారు.

"తెలిసేది ఆ యప్పొక్కనికే. అదే మాకు పట్టిన శని," అంది గురమ్మ. "నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పల్ల సామీ. నేను పుట్టియ్యలేదు, పెద్దోల్లు చెప్పింటే రాసుకున్న్యా అని."

"అబద్ధం చెప్పమంటారా అమ్మా?" అన్నారు ఆయన.

"కథ రాసినప్పుడు అన్నీ నిజాలే రాసినావా సామీ?" అంది భారతమ్మ. గొంతు పెంచలేదు. "మా ఆయన చెయ్యి పాయ. నాకుండేది వాడొక్కడే. వాని చెయ్యి మంచిదానికి పనికొచ్చేది ఇంగ ఆ సీలతోనే."

వాళ్లు వెళ్లాక ఆయన అన్నం ముట్టలేదు. నాకు అందరి మీదా కోపంగా ఉంది. వీడియో పెట్టిన భార్గవ్ మీద, బల్ల గుద్దిన ఆయన మీద, ఆ ఆడవాళ్ల మీద కూడా. డెబ్బై నాలుగేళ్ల మనిషికి మిగిలింది ఆ ఒక్క పేజీ. దాన్ని కూడా ఇచ్చేసి రమ్మంటున్నారు. ఆ మాటే అన్నాను.

"ఇవ్వకపోతే ఏమవుతుంది?" అన్నారు.

"ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"అందుకే పోదాం. నువ్వూ రా, ఒక్కణ్నే అయితే మాట తడబడుతుంది," అన్నారు.

సోమవారం తెల్లవారుజామున బయల్దేరి, మూడు బస్సులూ ఒక ఆటోవూ మారి పదింటికి చేరాం. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఊరి నడుమ బడి ముందర పందిరి వేశారు. పందిరి అంచున, ఎండలో, కింది రాయి ఒక గోతాం మీద, పై రాయి ఇంకో గోతాం మీద, మధ్యలో పది అడుగుల ఎడం. కింది రాయి భారతమ్మ ఇంటిది. పై రాయిని గురమ్మ పొద్దున్నే మొగుడితో పోట్లాడి తనే నెత్తిన పెట్టుకుని తెచ్చిందట. నారాయణ ప్లాస్టిక్ కుర్చీలో దూరంగా కూర్చున్నాడు. ఎత్తు మనిషి, గడ్డం తెల్లబడింది. కొడుకు వెనక నిలబడ్డాడు. పవన్ వాళ్ల అమ్మ పక్కన తల వంచుకుని ఉన్నాడు. ఊరంతా అక్కడే ఉంది.

నారాయణ లేవలేదు.

"రా సామీ. నువ్వేనా ఆ వీడియోలో మాట్లాడింది?"

"నేనే."

"జతరాయి నువ్వే పుట్టిచ్చినానంటివి గదా?"

మా ఆయన చేతిలో సంచి ఉంది. అందులో అలవాటు కొద్దీ పుస్తకం పెట్టుకొచ్చారని నాకు తెలుసు. ఒక్కసారి ఆ సంచి పిడి గట్టిగా పట్టుకుని వదిలారు.

"అన్నాను. అది అబద్ధం నాయనా. నేను గుమస్తాగా ఉన్నప్పుడు కాగితాలకు వచ్చిన పెద్దవాళ్లు చెబితే విన్నాను. విన్నది రాసుకున్నాను."

"ఏ ఊరోల్లు చెప్పినారు?"

"ఈ పక్క వాళ్లే. పేర్లు గుర్తులేవు. ముప్పై ఏళ్లయింది."

"మరి నువ్వే పుట్టిచ్చినావని అంతమంది ముందర యాల చెప్పినావు?"

"పేరు వస్తుందని," అన్నారు మా ఆయన. "ముసలితనంలో ఆశ పుట్టింది. తప్పే."

ఎవరో వెనక చప్పుడు చేయకుండా నవ్వారు. ఆ నవ్వు నా చెంప మీద కొట్టినట్టయింది. నారాయణ ఇంకా నమ్మలేదు. రైతు కదా, కొనే ఎద్దు పళ్లు చూసినట్టు ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ ఆడోల్లు మీ ఇంటికాడికి వచ్చినేది నాకు ఎరికే. నేర్పిచ్చినేది చెప్తాండాడేమో నాకేం తెలుస్తాది. అమ్మా, నువ్వు చెప్పు. నీ మొగుడు అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? ఆ రాయి మీద చెయ్యి పెట్టి చెప్పు."

నేను అలా అడుగుతారనుకోలేదు. రాయి దగ్గరకు వెళ్లాను. వంగుతుంటే గురమ్మ మోచెయ్యి పట్టుకుంది. రాయి ఎండకు కాలుతోంది. అరచెయ్యి పెట్టాను. కళ్ల ముందు పులివెందుల ఇల్లు, రేకుల కప్పు, గడపలో నిలబడి నన్ను చూస్తున్న ఆయన. ఆ రోజు మా ఆయన వయసు నలభై మూడు.

"ఇప్పుడు చెప్పేదే నిజం నాయనా," అన్నాను. "పుట్టించేంత తెలివి మా ఆయనకు ఎక్కడిది?"

ముందు నారాయణ నవ్వాడు. ఆ తర్వాత ఊరంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు, నా వైపు చూడకుండా. ముప్పై ఏళ్లుగా ఇలాంటి మాటలు ఇంట్లో వందసార్లు అనుంటాను. ఆ వందసార్లలో ఒక్కసారి కూడా నాకు ఇంత చేదుగా లేదు.

"సరే పాండి," అని నారాయణ లేచాడు. తనే పై రాయి ఎత్తుకుని వెళ్లి కింది రాయి పక్కన దించాడు.

తర్వాత జరిగింది మేము ఎన్నడూ చూడనిది. తుమ్మకట్టె ముక్క తెచ్చి ప్రవీణ్ చేతికి ఇచ్చారు. బాడిస పవన్ చేతికి ఇచ్చారు. ప్రవీణ్ కట్టెను రెండు చేతులా నిలబెట్టి పట్టుకోవాలి, పవన్ చెక్కాలి. దెబ్బ ఒక వేలెడు పక్కకు పోతే చాలు. నారాయణ ముఖంలో నెత్తురు లేదు. ఎవరి నాయన చెయ్యి ఎవరు నరికారో తెలియని వాళ్లు ఆ పందిట్లో లేరు. పవన్ బాడిస ఎత్తి కాసేపు అలాగే ఆగాడు. ప్రవీణ్ కళ్లు మూసుకున్నాడు కానీ చేతులు తీయలేదు.

మొదటి దెబ్బ నిదానంగా పడింది. పొట్టు లేచింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. కట్టె సన్నబడే కొద్దీ ఆ పిల్లల తలలు దగ్గరయ్యాయి. నాలుగుసార్లు రాళ్లలో పెట్టి చూశారు, నాలుగుసార్లు కుదరలేదు. ఐదోసారికి పవన్, "కొంచెం తిప్పు... ఈ పక్క," అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆ రెండిళ్ల మగవాళ్ల మధ్య తిట్టు కాని మొదటి మాట అదేనని భారతమ్మ తర్వాత చెప్పింది.

మా ఆయన నా పక్కన నిలబడి రెప్ప వేయకుండా చూస్తున్నారు.

"ఇది నేను రాయలేదు లలితా," అన్నారు మెల్లగా.

"మీరు రాసింది తప్పు కాబట్టే వాళ్లు దీన్ని చేసుకున్నారు," అన్నాను.

సీల కుదిరేసరికి రెండు దాటింది. గురమ్మా భారతమ్మా పిడి పట్టుకున్నారు. ఆయన చనువు తీసుకుని, "కుడిచేతి వైపు తిప్పాలమ్మా," అన్నారు, అలా రాశారు కాబట్టి. ఒక ముసలామె కసిరింది. "నీకు తెల్దులే సామీ, ఊరికే ఉండు. ముందు ఎడం పక్కకు మూడు సుట్లు. పగ ఇప్పల్ల గదా." ఆయన వెనక్కి జరిగారు. సంగటి ముద్దలు పంచినప్పుడు మాకూ రెండు ఆకులు వేశారు. ఆయన నేల మీద కూర్చుని పూర్తిగా తిన్నారు.

తిరుగు బస్సు వేంపల్లెలో దొరికింది. కిటికీ పక్క సీటు ఆయనకు ఇచ్చాను. వేడిగాలి ముఖాన కొడుతోంది. ఊరు దాటాక ఫోన్ తీసి భార్గవ్‌కు చేశారు. వీడియో తీసెయ్యమన్నారు. ఎందుకు మామయ్యా, నాలుగు వందల మంది చూశారు కదా అని వాడు అడగడం నాకు కూడా వినబడింది.

"తీసెయ్ రా," అని పెట్టేశారు.

పులివెందుల వచ్చేదాకా కళ్లు మూసుకునే ఉన్నారు. నేను నిద్రపోతున్నారనుకున్నాను. బస్టాండులో బస్సు ఆగినప్పుడు కళ్లు తెరిచి, చిన్నపిల్లవాడు అడిగినట్లు అడిగారు.

"లలితా, అది నేను రాసిందే కదా?"

ఆయన రాసిందేనని, ఆ పేరు ఆయన పెట్టిందేనని, ఆ రోజు నన్ను చూసే రాశారని, అచ్చుకు వెళ్లిన ప్రతి అక్షరమూ నా చేతి మీదుగా పోయిందని బస్సంతా వినేలా చెప్పాలనిపించింది. కానీ మా ముందు సీట్లో ఆ ఊరివాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. జతరాయి చూసి వస్తున్నవాళ్లు.

ఆయన చెవి దగ్గరకు వంగి, వాళ్లకు వినబడకుండా, "మీరే రాశారు," అన్నాను.